తల్లి రొయ్యల శోభనాద్రి

కృత్తివెన్ను దగ్గర సముద్రం ఒడ్డున వరసగా ఉన్న హేచరీల్లో శోభనాద్రి ఎక్కడుంటాడని అడిగితే, ఏ శోభనాద్రి అంటారు. తల్లి రొయ్యల శోభనాద్రి అంటే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి దారి చూపిస్తారు. సొంతూరు పెడన. పదో తరగతి దగ్గర చదువుకీ అతనికీ చెడింది. తండ్రి మగ్గం మీద కూర్చోబెడితే నాలుగు రోజులు కూర్చుని నడుం పట్టేసిందన్నాడు. తొంభైల మొదట్లో ఇటువైపంతా వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. ఆ చెరువులకి రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీలో తొట్లు కడిగే పనికి కుదిరాడు. పొద్దస్తమానం వంగి తొట్లు తోమినా నడుం నొప్పి మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకి తొట్లు కడిగే చేతికి తల్లి రొయ్యల్ని అప్పగించారు. ఇవి చెరువులో పెరిగేవి కావు. బోట్లవాళ్లు నడిసముద్రంలో పట్టి తెచ్చే పెద్ద టైగర్ రొయ్యలు. ఒక్కోటి జానెడుంటుంది. దాన్ని నీళ్లలోనే అరచేతిలోకి తీసుకుని కింద నుంచి టార్చి వేస్తే, వీపు పెంకులోంచి గుడ్ల సంచి నీడలా కనిపిస్తుంది. సన్నగీతలా ఉంటే పచ్చిది. ముదురాకుపచ్చగా, లావుగా ఉంటే పండింది. చదువుకున్న టెక్నీషియన్లు కూడా ఏది ఎప్పుడు పెడుతుందో ఒకసారి శోభనాద్రిని అడిగి పోయేవారు. అడిగిన ప్రతిసారీ అతను కాస్త బిగుసుకునేవాడు. ఆ మాత్రం బిగువు అందరికీ ఉంటుంది లెండి.

సముద్రంలో తనంతట తాను గుడ్లు పెట్టే రొయ్య, తొట్టిలో వేసేసరికి మొండికేస్తుంది. గుడ్లు పండనివ్వకుండా ఆపే గుణమేదో దాని కంటికాడలో ఉందట. అందుకని ఒక కన్ను నొక్కేస్తారు. నొక్కిన కొద్ది రోజులకే గుడ్లు పండుతాయి. శోభనాద్రి నొక్కితే తల్లులు చావవని పేరు. పక్క హేచరీలవాళ్లు కూడా ఆ పనికి అతన్నే పిలుచుకుపోయేవారు. కన్ను నొక్కిన తల్లి మొదటి విడత పెట్టే గుడ్లు బాగుంటాయి. రెండో విడత ఫరవాలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు నీళ్లలో వేలాడతాయే గాని వెలుతురు వైపు ఈదవు. "దీని పనైపోయింది, తీసెయ్యండి" అని శోభనాద్రి అన్నాడంటే, హేచరీ యజమాని గోవర్ధనరావు గారు కూడా మారుమాట్లాడేవారు కాదు.

ఇంత తెలిసినవాడి ఇంట్లో పిల్లలు లేరు.

భార్య రత్నకుమారి వరసకి మేనమామ కూతురు. అందుకే ఆమెకి అతను మొదట్నుంచీ 'బావా', 'నువ్వు'. పెడనలోనే కలంకారీ షెడ్డులో అచ్చులేస్తుంది. చెక్క అచ్చు రంగులో అద్ది గుడ్డ మీద వేసి, వెనక చేత్తో ఒక్క దెబ్బ కొడితే లత లతకి అతుక్కుని పోవాల్సిందే. వెంట్రుకంత సందు కూడా కనపడేది కాదు. పెళ్లయి పదేళ్లు దాటింది. వీధిలో ఎవరింట్లో సీమంతమైనా పసుపు రాయడానికి పిలిచేవాళ్లు తగ్గారు. మొక్కులయ్యాయి, ఆకు మందులయ్యాయి, బందరు డాక్టర్లయ్యారు. బందరు డాక్టరే చివరికి బెజవాడ పంపించాడు. బెజవాడ డాక్టరమ్మ అన్నీ చూసి, "గుడ్లు బయటికి తీసి, పిండం కట్టించి, లోపల పెట్టాలమ్మా. ముప్పై అయిదు నిండుతున్నాయి, ఇక ఆలస్యం చెయ్యొద్దు" అంది. అది రెండు వేల రెండు.

గుడ్లు పండటానికి రోజూ సాయంత్రం పొట్టలో ఇంజెక్షను. వీధి చివర ఆరెంపీ డాక్టరు ఏసుబాబు వచ్చి చేసి పోయేవాడు. శోభనాద్రి సెలవు పెట్టి వచ్చాడు. మొదటి రోజు రత్నం చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రోజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆపైన ఏసుబాబు సైకిలు చప్పుడు వినపడగానే ఏదో గుర్తొచ్చినట్టు బజారుకి పోయేవాడు. రత్నం పొట్ట మీద నీలం మచ్చలు లేచాయి. కడుపు ఉబ్బి, పక్క మీద అటు తిరగాలన్నా మూలిగేది. పండనివాటిని బలవంతాన పండించడం అతనికి కొత్త కాదు. చేతి కింద వందల తల్లులు గుడ్లు పెట్టాయి. ఆ పని ఇంట్లో మనిషికి జరుగుతుంటే మాత్రం అన్నం దిగలేదు. తల్లి ధనమ్మతో కూడా ఈ మాట చెప్పుకోలేదు.

గుడ్లు తీసిన రోజు రత్నాన్ని మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. శోభనాద్రి తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఒక నర్సు చిన్న చిన్న గాజు గొట్టాలు పట్టుకుని పక్క గదికి పరుగులాంటి నడకతో పోతోంది. కొన్నిటిలో గడ్డి రంగు నీళ్లు. ఎక్కువ గొట్టాల్లో మాత్రం చిక్కగా, బెల్లప్పాకం రంగులో ఉంది. ఆ పక్క గదిలో గుడ్లు వెతికే ఆసిఫ్ పని ముగించుకుని బయటికొస్తే, శోభనాద్రి అడ్డం వెళ్లాడు.

"ఆ నీళ్లేంటండీ?"

ఆసిఫ్‌ది బందరు. పెడన అనగానే మొహం విప్పారింది. ఓపిగ్గా చెప్పాడు. "స్కానింగులో నల్లగా గుండ్రంగా కనపడ్డాయి చూడండి, అవి నీటి సంచులండీ. ఒక్కో సంచిలో ఒక్కో గుడ్డు ఎదుగుద్ది. ఆ నీళ్లు అమ్మ రక్తంలోంచి ఊరి వచ్చేవే. గుడ్డుకి తిండీ, ఊపిరీ, కబురూ కాకరకాయా అన్నీ ఆ నీళ్లతోనే."

"అయితే నీళ్లు బాగుంటేనే గుడ్డు బాగుంటుంది."

"కొంతవరకండీ. దాన్నించి కట్టే పిండానికి కూడా ఆ బలమే. ఈవిడకి ఒక పక్క పాత రక్తం చేరిన గడ్డ ఉంది. దాని పక్క సంచుల్లో నీళ్లు బాలేదు, గుడ్లూ తక్కువే వచ్చాయి. అయినా నీళ్లు చూసి గుడ్డు తలరాత చెప్పేయలేం. గుడ్డు దొరకగానే మేం ఆ నీళ్లు పారబోస్తాం."

శోభనాద్రికి ఇది అర్థమైనంత బాగా ఆ ఆసుపత్రికి వచ్చిన మొగుళ్లలో ఇంకెవరికీ అర్థమై ఉండదు. అర్థమైందే ప్రాణం మీదికి తెచ్చింది. నీళ్లు, గుడ్డు, పిల్ల అన్న మూడు మాటలూ వినగానే అతని బుర్ర కృత్తివెన్ను వెళ్లిపోయింది. ఆసిఫ్ అన్న 'కొంతవరకు' బెజవాడలోనే ఉండిపోయింది.

పిండాలు రెండే కట్టాయి. రెండూ పెట్టారు. రెండు వారాలకి మళ్లీ వెళ్లి, నిలిచిందో లేదో చూసే పరీక్షకి రక్తం ఇచ్చి ఇంటికొచ్చేశారు. ఇంట్లో ఫోను లేదు గనక ఆసుపత్రివాళ్లకి హేచరీ నంబరు ఇచ్చారు. డాక్టరమ్మే ఫోను చేసింది. "ఈసారి నిలవలేదండీ. గుడ్ల నాణ్యత సరిపోలేదు. ఆ గడ్డ తగ్గడానికి మూడు నెలలు మందు వాడి మళ్లీ చేద్దాం. ఆవిణ్ణి తీసుకురండి."

గుడ్ల నాణ్యత. అతని ఎరికలో మొదటి విడత కంటే రెండో విడత బాగా పెట్టిన తల్లి లేదు. మొదటిసారే ఇలా ఉంటే రెండోసారికి ఏముంటుంది? మళ్లీ ఆ సూదులు, ఆ మచ్చలు, ఆ మూలుగు, చివరికి మళ్లీ ఇదే ఫోను. పెడన బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా అదే లెక్క వేశాడు. ఇంటికొచ్చి రత్నం మొహంలోకి చూడకుండా చెప్పాడు. "నిలవలేదంట. ఇంక వద్దంది డాక్టరమ్మ. లాభం లేదంది."

మొదటి ముక్క నిజం, మిగతాది కల్పన. నెల తర్వాత ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోనొస్తే, "ఆలోచించుకుంటున్నామండీ" అని పెట్టేశాడు. శోభనాద్రి చెడ్డవాడు కాదు. జాలిపడ్డాడు. కానీ జాలిపడటం వేరు, జాలి పేరు చెప్పి అవతలి మనిషి బతుకు తనే తేల్చేయడం వేరు. ఈ తేడా తెలియని మంచివాళ్లు ఇంటికొకరుంటారు, నా ఒళ్లు మండేది కూడా వాళ్లని చూస్తేనే.

రత్నం ఏడ్చి ఊరుకుంటే బాగుండేది. ఆమె ఏడవలేదు. షెడ్డుకి వెళ్లేది, వచ్చేది, వండేది. అచ్చులో లత లతకి కలవకుండా పోయిందని మేస్త్రీ రెండు గుడ్డలు వెనక్కి తెచ్చి చూపిస్తే, తన చేతిపని కాదన్నట్టు చూసింది. అలా వర్షాకాలం వెళ్లింది, చలికాలం వచ్చింది. ముందుగా ఓపిక నశించింది ధనమ్మకి. నోరు పెద్దదని వీధంతా పేరున్న మనిషి. కోడలిని ఆ పదేళ్లలో అనని మాట లేదు, ఇంకొకళ్లు అంటే ఊరుకున్నదీ లేదు.

"వద్దంటే వద్దంది సరే. ఎందుకొద్దో ఆవిడ నోటితో చెప్పాలా వద్దా? పద, బెజవాడ పోదాం."

"బావకి చెప్పొద్దా అత్తా?"

"ఆడు చెప్పింది ఇన్నాంగా. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పేది ఇందాం."

అత్తాకోడళ్లు పొద్దున బస్సుకి బెజవాడ వెళ్లారు. డాక్టరమ్మ రత్నాన్ని చూస్తూనే, "ఇన్నాళ్లకి వచ్చారా? మీవారికి రెండుసార్లు ఫోన్ చేశాం కదమ్మా, మందు మొదలుపెడదామని" అంది. రత్నం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ధనమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

తిరుగు ప్రయాణంలో ధనమ్మ పెడనలో దిగింది. రత్నం దిగలేదు. ఆ బస్సు కృత్తివెన్ను దాకా పోతుంది.

హేచరీలో తల్లి రొయ్యల గదిలోకి ఆడవాళ్లని రానివ్వరు. ఎందుకంటే ఎవరికీ తెలియదు. తల్లులు బెదురుతాయంటారు. తల్లుల గదిలోకి ఆడదాన్ని రానివ్వని ఈ ఆచారం ఏ మహానుభావుడు పెట్టాడో గాని, ఆ పెద్దమనిషిని ఒకసారి చూడాలని ఉంటుంది. గేటు దగ్గరివాడు "అమ్మా, అమ్మా" అంటూ వెంటపడుతుండగానే రత్నం తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. మసక వెలుతురులో శోభనాద్రి తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో తల్లి రొయ్య, కుడి చేతిలో కన్ను నొక్కే పటకారు.

"డాక్టరమ్మ వద్దందా బావా?"

అతనికి అంతా అర్థమైపోయింది. రొయ్యని నీళ్లలో వదిలాడు.

"రత్నం, నీకు తెలీదు. రెండోసారికి గుడ్లు ఇంకా పాడవుతాయి. నేను చూశాను. పదేళ్ల నించి చూస్తున్నాను."

"ఎక్కడ చూశావు? ఈ తొట్లోనా?" ఆమె గొంతు పెంచలేదు. "నేనేమన్నా నీ తల్లి రొయ్యనా? ఎన్నో విడతకి పనైపోయిందో నువ్వే చూసి తీసెయ్యడానికి?"

"కాదే... నీ పొట్ట మీద ఆ మచ్చలు చూడలేకపోయాను. నువ్వు మూలుగుతుంటే నాకు ఇవే కళ్లలో మెదిలేయి. ఎన్నిటికి నొక్కానో. నీకు మళ్లీ అదంతా వద్దనుకున్నాను."

"దానికి నోరు లేదు బావా, నొక్కించుకుంది. నాకుంది. నొప్పి నాది. వద్దనుకుంటే వద్దని నేను చెప్తాను. నన్నడిగావా?"

శోభనాద్రి పటకారు కింద పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఏడ్చింది రత్నం. పోగొట్టిన నెలలన్నిటికీ కలిపి ఏడ్చింది. అతను దగ్గరికి రాబోతే చేత్తో ఆపింది. ఆ రోజు ఇద్దరూ ఒకే బస్సులో పెడన వచ్చారు, వేరు వేరు సీట్లలో.

మందు మొదలుపెట్టే రోజు శోభనాద్రి ఆసిఫ్‌ని పట్టుకుని తన రెండో విడత లెక్క చెప్పాడు. ఆసిఫ్‌కి మొదట నవ్వొచ్చింది. పక్కన రత్నం మొహం చూసి నవ్వు మానేశాడు.

"మీరు కన్ను నొక్కిన రొయ్యకి ఊపిరి తీసుకోనివ్వరు కదండీ. ఒక విడత అయ్యీ అవకుండానే ఇంకో విడత. ఒంట్లో దాచుకున్న సత్తువ తోడేస్తారు. ఆడమనిషిలో అలా కాదు. ప్రతి నెలా కొన్ని గుడ్లు బయలుదేరతాయి. ఒక్కటే పండుద్ది, మిగతావి ఎండిపోతాయి. మా ఇంజెక్షను ఆ ఎండిపోయేవాటినే నిలబెడుద్ది. వచ్చే నెలవాటిని ముట్టుకోదు. ఈసారి గుడ్లు కొత్తవి, వాటి నీళ్లూ కొత్తవే. ఆ గడ్డ తగ్గితే నీళ్లు తేటగా రావచ్చు."

"తేటగా వస్తే నిలుస్తుందా?" అని రత్నం అడిగింది.

"సగం ధైర్యమే చెప్పగలను అక్కా. ఆ నీళ్లలో ఏముంటే గుడ్డు గట్టిదవుద్దో పెద్ద పెద్ద లాబుల్లో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అబద్ధం చెప్పి పంపలేను."

అబద్ధం అన్న మాటకి శోభనాద్రి కిటికీ వైపు తిరిగాడు.

మూడు నెలల మందు తర్వాత మళ్లీ ఏసుబాబు, మళ్లీ సాయంత్రాలు. సైకిలు చప్పుడు కాగానే శోభనాద్రి కాళ్లు బజారు వైపు లాగాయి. "ఎక్కడికీ పోవాకు. ఇక్కడ నిలబడి చూడు" అంది రత్నం. చూశాడు. రోజూ చూశాడు. ఏసుబాబు సూది గుచ్చుతుంటే రత్నం కంటే ముందు తనే పళ్లు బిగించేవాడు. ధనమ్మకి ఒకవైపు నవ్వు, ఒకవైపు తిట్టు.

ఈసారి గాజు గొట్టాల్లో గడ్డి రంగు నీళ్లే ఎక్కువ. గుడ్లు కూడా ఎక్కువ వచ్చాయి, పిండాలు బాగా కట్టాయి. ఎన్ని లోపల పెట్టాలో చెప్పమని డాక్టరమ్మ అలవాటుగా శోభనాద్రి వైపు తిరిగింది. అతను రత్నం వైపు చూశాడు. "రెండు పెట్టండి. మిగతావి దాచండి" అంది రత్నం. ఆసుపత్రికి ఇచ్చిన ఫోను నంబరు కూడా ఈసారి హేచరీది కాదు. అచ్చుల షెడ్డుకి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుది. ఫోను చేసినప్పుడు తన పేరే చెప్పి పిలిపించమంది.

ఫోను వస్తుందన్న రోజున శోభనాద్రి హేచరీలో చేసిన పనేమీ లేదు. తొట్ల మధ్య తిరిగాడు. గోవర్ధనరావు గారు విసుగొచ్చి, "నువ్వు పోవయ్యా బాబూ, తల్లులు నిన్ను చూసే బెదురుతున్నాయి" అని తరిమేశారు. సాయంత్రం బస్సు దిగి తిన్నగా షెడ్డుకి వచ్చాడు. రత్నం పొడుగాటి బల్ల దగ్గర ఒక్కతే ఉంది. తెల్లగుడ్డ మీద ఎర్ర అంచు వేస్తోంది. అద్దుతోంది, ఆనిస్తోంది, చేత్తో ఒక్క దెబ్బ కొడుతోంది. తల ఎత్తి చూసింది. మళ్లీ అచ్చు రంగులో అద్దింది.

ఫోనొచ్చిందా అని అడగబోయాడు. నోటిదాకా వచ్చింది. అడగలేదు. చెప్పాలనుకుంటే చెప్తుంది, చెప్పనంతవరకూ అది ఆమెది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంచు బల్ల చివరిదాకా పోయింది. రత్నం మళ్లీ మొదటికి వచ్చి, ఒకచోట వంగి చూసి, సరిగానే ఉందనుకుని, అచ్చు కడిగి బోర్లించి, చేతులు కడుక్కుంది. అంతసేపూ శోభనాద్రి నిలబడే ఉన్నాడు. మనిషిని ఏడిపించడం ఆమెకీ బాగానే వచ్చని ఆ రోజు తెలిసింది.

కొంగుకి చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"నిలిచింది బావా."

అతను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తల వాల్చేశాడు, చప్పుడు లేకుండా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. రత్నం అతని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"అవతలికి రా, వచ్చి ఏడు. గుడ్డ ఇంకా ఆరలేదు."